కరెంటొచ్చింది

చియాతురాలో తీగబండి తలుపు తెరిచేదాన్ని, మూసేదాన్ని.
ఇరవైరెండేళ్లు.
కింద మాంగనీసు కడిగిన నీళ్లతో నల్లబడ్డ క్విరిలా నది,
పైన గని,
మధ్యలో ఇనప డబ్బా, నా కట్టె స్టూలు,
పొద్దుతిరుగుడు గింజల పొట్లం.

నుత్సా మా అక్క కూతురు.
తొమ్మిదేళ్లప్పుడు గట్టుమీద పాడితే
ఏటి పక్క వీధిలో రొట్టెలమ్మే ఆవిడ తలెత్తి చూసేది.
పన్నెండో ఏట గొంతు దిగింది.
మగపిల్లాడి గొంతు దిగితే మీసం వస్తోందంటారు.
ఆడపిల్లకి ఏమనాలో మా ఊరికి తెలియదు,
అందుకని నవ్వింది.

క్లాసులో కుర్రాళ్లు లారీ అన్నారు.
ఎతేరి టీచరు ఏమీ అనలేదు, మెత్తని మనిషి.
వెనక వరసలోకి జరిపి చెవిలో,
"నువ్వు పెదాలు కదుపు చాలు, తల్లీ" అంది.
అక్క రోజూ పొద్దున్నే వేడిపాలలో తేనె కలిపిచ్చేది,
జబ్బుకి మందిచ్చినట్టు.

నేనేమన్నానో కూడా చెప్పాలి.
ఓ పెళ్లివిందులో, అందరి ముందూ,
"ఫోనెత్తితే మా బావే అనుకున్నాను" అన్నాను.
ఎంత నవ్వారని!
నా మాటకి అంత గిరాకీ మళ్లీ ఎప్పుడూ రాలేదు.

పదిహేనేళ్లొచ్చేసరికి
కొట్లో రొట్టె కావాలంటే వేలితో చూపించేది.
తప్పక మాట్లాడితే సన్నగా, పైపైన,
ఎవరివో బిగుతు చెప్పులేసుకుని నడుస్తున్నట్టు.
పెద్దయ్యాక ఏమవుతావే అంటే
"ఏదైనా. మాట్లాడక్కర్లేనిది" అంది.
లైబ్రరీ అన్నారొకరు. కుట్టుపని అన్నారింకొకరు.
కూర్చుని, తలా ఒక కొలత తీసి,
ఆ పిల్లకి మౌనాన్ని కుట్టిపెట్టాం.
సరిగ్గా సరిపోయింది కూడా.

ఫిబ్రవరి. మంచు.
లోయ నడిమధ్య కరెంటు పోయింది.
డబ్బాలో ముగ్గురం: నేను, నుత్సా,
ముప్పైయేళ్లు డ్రిల్లు పట్టి
చెవులు రెండూ గనికే వదిలేసిన ఒటియా తాత.
గంట గడిచింది. గాలికి ఊగుతున్నాం.
అద్దానికి తల ఆనించి కళ్లు మూసుకున్నాను,
నిద్రపోయిందనుకుంది కాబోలు.
తాతకి ఎలాగూ వినబడదు.

పాడింది.

ఏ పాటో అడక్కండి, మాటల్లేవు.
మా మగాళ్లు విందుబల్ల చుట్టూ నిలబడి పాడేటప్పుడు
అన్నిటికన్నా అడుగున ఒక స్వరం పరుచుకుంటుందే,
మిగతా రెండూ దాని మీదే నిలబడతాయి,
అది.
నా స్టూలు కాళ్లలోంచి మోకాళ్లలోకి ఎక్కింది.
కిటికీలో వదులైన మేకు జివ్వుమంది.

ఒటియా తాత గోడకి అరచెయ్యి ఆనించాడు.
ఆనించి, ముఖం విప్పారి,
వినబడనివాళ్లు అరిచేంత గట్టిగా,
"కరెంటొచ్చింది! మోటారు తిరుగుతోంది!"

పిల్ల ఠక్కున ఆగింది.
తాత చెయ్యి తీశాడు, మళ్లీ పెట్టాడు.
"పోయింది" అన్నాడు, దిగులుగా.

నేను అప్పుడు తిరగాల్సింది.
తిరిగి ఒక్క మాట అనాల్సింది.
ఏ మాట?
నా నోట్లోవన్నీ ఆ పిల్ల మీద అప్పటికే వాడేసినవి.
కళ్లు తెరవలేదు.
అంతకన్నా ఏం ఇవ్వగలనో తెలియలేదు.

కాసేపటికి,
ముందు భయంగా, తర్వాత అంత భయం లేకుండా,
మోటారు మళ్లీ మొదలైంది.
కంటి కొసలోంచి చూశాను.
తాత రెండు చేతులూ ఆనించి ఉన్నాడు,
చలికాలం పొయ్యి ముందు నిలబడ్డట్టు.

కరెంటు నాలుగూ పదికి వచ్చిందని
రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టాను.
తప్పు రాశాను.