రెండో గడి

టాస్మానియా, హ్యువాన్‌విల్. జూలై చలి.
ఆపిల్ సహకార సంఘం షెడ్డులో హీటరు ఒక్కటే,
అదీ నా కాళ్లకి అందదు.
తెర మీద ఒక ప్రశ్న
సాయంత్రం నాలుగింటి నించీ తిరుగుతూనే ఉంది.

అడిగింది చిన్నదే.
ఈ లోయవి, ఈ రకంవి, ఎన్ని పెట్టెలు ఏ చల్లగదిలో ఉన్నాయి?
తెల్లారి ఆరింటికి లారీ డెవన్‌పోర్ట్ ఓడ అందుకోవాలి.

ప్లాను విప్పి చూశాను.
అడుగు పంక్తిలోనే ఉంది, అమాయకంగా:
అంచనా, వరుస ఒకటి.
అసలు, పదకొండు లక్షల నలభై వేలు.

ఒక్క చుట్టం వస్తాడని
గిద్దెడు బియ్యం పొయ్యి మీద పెట్టి,
వీధి చివర బస్సులు దిగుతుంటే
ఒక్కొక్కరికీ మళ్లీ ఎసరు, మళ్లీ గిద్దెడు,
వండుతూనే ఉంది పాపం.
చెయ్యి చురుకే.
లెక్క తప్పు.

ఆ లెక్క ముక్క మూడేళ్ల కిందట
దిద్దింది నేనే.
లోయ అంటే పదింట ఒకటి,
రకం అంటే వందలో ఒకటి,
గది, తేదీ, గ్రేడు, గుణించుకుంటూ పోయింది
ఒకదాని మొహం ఒకటి ఎరగనట్టు.
ఆ రకం ఈ లోయలో తప్ప కాయదని
ఇక్కడి స్కూలు బస్సు తోలేవాడికి కూడా తెలుసు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చాలంటారు.
ఈ కుండలో పైన పలుకు, అడుగున మాడు.
ముప్పై వేల మెతుకులు పట్టి చూసినా
మాడు వేలికి తగల్లేదు.

ఇక ధరల పట్టీ.
దూరపు పేజీ తేవాలంటే నాలుగు, పక్కదైతే ఒకటి:
పళ్లెం గిర్రున తిరిగి
ముల్లు చోటు వెతుక్కునే రోజుల రేటు.
ఇప్పుడు పళ్లెమూ లేదు, ముల్లూ లేదు.
రేటు మాత్రం గోడ మీద అలాగే,
కాణీల్లో.

పక్కన ఐలీన్ ట్రెవాస్కిస్. డెబ్బై దాటింది.
ఉన్ని టోపీ లోపలికొచ్చినా తియ్యదు.
"ఎన్ననుకుంది?"
"ఒకటి."
"ఎన్నయ్యాయి?"
చెప్పాను.
నవ్వుతుందనుకున్నా, నవ్వలేదు.
సొరుగులోంచి ఒక పుస్తకం తీసింది,
అట్ట మీద టీ కప్పు చేసిన సున్నా.

నలభై ఒక్క కోతలు.
ఎడమ గడిలో, పూత రాలాక చెట్ల మధ్య నడిచి
కంటితో వేసిన అంచనా.
కుడి గడిలో, కోత అయ్యాక తూకం.
మొదటి పేజీల్లో రెండింటికీ పొంతనే లేదు.
ఎనభై మూడు, సగానికి సగం.
పక్కన ఎర్ర సిరా: వడగళ్లు మరిచాను.
ఎనభై ఆరు: వాలు మీది చెట్లు అబద్ధమాడతాయి.
తొంభైలు వచ్చేసరికి గడులు దగ్గరపడ్డాయి,
కలవలేదు.
"కలిస్తే అనుమానించు," అంది,
"తూకం చూసొచ్చి రాశారని."

మా యంత్రానికి ఎడమ గడి ఒక్కటే.
ప్రతి ప్రశ్నకీ గట్టున నిలబడి పంట చెబుతుంది.
ప్రశ్న తీరాక అసలు సంఖ్య
దాని ఒళ్లోకే వచ్చి పడుతుంది.
దులిపేసుకుని లేస్తుంది.
రోజుకి లక్ష కోతలు,
ఒక్క ఎర్ర చుక్క లేదు.

ఈ రాత్రికి మాత్రం చిన్న మరమ్మతు.
లోయనీ రకాన్నీ జంటగా లెక్కపెట్టమన్నాను.
నాలుగుని ఒకటింబావుకి దించాను.
అంచనా, పది లక్షల అరవై వేలు.
పదకొండు సెకన్లు.
గదుల చీటీ ముద్రై లారీవాడి చేతికి వెళ్లింది.
అతను చదవకుండానే జేబులో కుక్కుకున్నాడు.

అప్పుడు ఖాళీ పేజీ ఒకటి తెరిచి
నిలువుగీత గీశాను.
అంచనాలకి కుడి గడి కట్టే పని.
ఎడమవైపు రాశాను: రెండు వారాలు.

ఐలీన్ నా భుజం మీంచి చదివింది.
టోపీ చెవుల మీదికి లాక్కుని,
"ఆరు," అంది.