కడిగిన నీళ్ళు

వట్టిచెరుకూరు నుంచి నాంచారమ్మ
యూరియా సంచిలో రెండు మిరప మొక్కలు తెచ్చింది.
ఒకటి వడలిపోయింది. రెండోది,
మందుకి అప్పు పుట్టక కొట్టకుండా వదిలేసిన మూలది.
"దీనికేం చెయ్యలేదయ్యా. ఇదే బతికింది."

నల్లరేగడి వేరుని ఓ పట్టాన వదలదు.
గిన్నెలో కడిగి, రంగు వేసి,
అద్దానికి కన్ను ఆనించాను.

వేరులోంచి బయటికి
సాలెపోగు కంటే సన్నగా బూజు.
ఆ పోగు మీది తడిలో,
గట్టెంట నాట్లకెళ్ళే ఆడవాళ్ళలా
ఒకదాని వెనక ఒకటి బాక్టీరియా.
మట్టి బిగబట్టిన భాస్వరాన్ని ఇవి కరిగిస్తాయి,
పోగు మోసుకొస్తుంది,
వేరు చక్కెరతో కూలి ఇస్తుంది.
ఏ పూట కూలి ఆ పూటే.
గుంటూరు యార్డులో తొడిమలు తీసే మా అమ్మని
శనివారం దాకా ఆగమనేవాళ్ళు.

"ఏం కనపడింది?"
"బూజు."
ఆమె ముఖం చిన్నబోయింది.
బూజంటే ఆమెకి తెగులే.
కుర్చీ జరిపి, చూడమన్నాను.
కొంగుతో కళ్ళు తుడుచుకుని
చాలాసేపు వంగి చూసింది.
"ఇంతమందే!"

గిన్నెలో మిగిలిన మట్టినీళ్ళు
పారబొయ్యనివ్వలేదు.
తాగే నీళ్ళ సీసా గుమ్మంలో ఒంపేసి
చుక్క పోకుండా
అందులో పోసుకుంది.