రెండో సగం

ఒలెగారియో సిల్వేరా పుట్టిన వీధికి
ఒక పక్క ఉరుగ్వే, ఇంకో పక్క బ్రెజిల్.
ఒక దేశంలో తన్నిన బంతి
పరదేశంలో కిటికీ పగలగొట్టేది.
రెండు భాషల్లో తిట్లు తిని పెరిగానని
నవ్వుతూ చెప్పేవాడు.

ఇరవై మూడో ఏట మోకాలు పోయింది.
కాళ్ళతో ఆడాల్సిందంతా ఇక నోటితో ఆడాడు.
పందొమ్మిది క్లబ్బులు, ఏడు దేశాలు.
ఉద్యోగం ఊడిన ప్రతిచోటా
డ్రెస్సింగ్ రూమ్ తాళంచెవి తిరిగివ్వడం మరిచేవాడు.
మరపో మొండితనమో, నాకిప్పటికీ తెలీదు.
గుత్తి బరువుకి కోటు ఎడమజేబు సాగి వేలాడేది.

నేను ఒరూరోలో జట్టు చొక్కాలు ఉతికేవాణ్ణి.
పావులీనో విల్కా అని నా పేరు పూర్తిగా పలికింది ఆయనొక్కడే.
ఆ ఎత్తున నీళ్ళు తొందరగా మరుగుతాయి,
మరకలే తొందరగా వదలవు.
వచ్చిన వారం మెట్లెక్కలేక రొప్పుతూ
బల్లమీద సీసా మూతలు పేర్చి
"ఇక్కడ గాలి పల్చన, బంతికి తొందరెక్కువ,
మీరు నిదానించండి" అన్నాడు.

ఆ ఏడు ఆఖరి ఆట. హాఫ్‌టైంకి ఒకటి, ఒకటి.
గని నుంచి ఓ కుర్రాడు పరిగెత్తుకొచ్చి
చీటీ నా చేతిలో పెట్టాడు.
లోపల కప్పు కూలింది.
మా ఎడమ వింగర్ ఎలోయ్ తికోనా తండ్రి
దాని కిందున్నాడు.

చీటీ కోచ్‌కిచ్చాను.
చదివాడు. మడిచాడు. తాళంచెవుల జేబులో వేశాడు.
"ఎలోయ్, గీత వదలకు" అన్నాడు.
అంతే.
నేను బకెట్ తీసుకుని బయటికి నడిచాను.
నాకూ నోరుంది. అది కూడా రాసుకోవాలి.

ఎనభై ఒకటో నిమిషంలో ఎలోయ్ గోల్ కొట్టాడు.
కప్పు మాదే.
ఊరు వాణ్ణి భుజాలకెత్తుకుంది.
భుజాలమీదున్నవాడికి చీటీ అందించడం ఎంత కష్టమో
కోచ్ చెయ్యి పైకి చాచి
జనంతో పాటు నడుస్తుంటే చూశాను.

ముందే చెప్పినా చేసేదేం లేదన్నారు అందరూ,
డాక్టరు కూడా.
ఎలోయ్ ఏమీ అనలేదు.
ఎన్నడూ లేంది తన బూట్లు తనే కడిగి
నా బల్లమీద పెట్టి వెళ్ళాడు.
మళ్ళీ బంతి ముట్టలేదు.

తర్వాతి ఊళ్ళలో పత్రికలవాళ్ళు వెక్కిరించేవాళ్ళట.
హాఫ్‌టైంలో ఈ ముసలాడు
ఆట సంగతి ఎత్తడు,
ఒక్కొక్కడి ముందూ నిలబడి
"ఇంటి నుంచి కబురేమైనా ఉందా?" అంటాడు,
అందుకే రెండో సగం ఓడతాడు అని.
నిజమే, ఓడేవాడు.
మూడు జట్లు ఆయన చేతుల్లోనే కింది డివిజన్‌కి జారాయి.

నిన్న రివేరా నుంచి పార్సిలొచ్చింది.
ఉత్తరం లేదు. ఒక్క తాళంచెవి, మాది.
ఆ తలుపే లేదిప్పుడు.

జేబులో వేసుకుని
ఎలోయ్ రొట్టెల కొట్టుదాకా నడిచాను.
నా ముందు నలుగురు.
పిండి అంటిన చేతులతో వాడు తలెత్తాడు,
నా వంతు.

రెండు రొట్టెలు, అన్నాను.