నువ్వులూ నీళ్ళూ

గ్లెన్ వేవర్లీ స్టేషన్ వెనక సందులో
తలుపు తియ్యగానే కళ్ళద్దాలు తెల్లబోయాయి.
జూలై చలి ఇంకా భుజాల మీదే ఉంది.
ఎవరెక్కడున్నారో కనపడక నిలబడిపోతే
ఆవిరి లోపలి నుంచి
"వదినా, ఇటు" అంది ప్రసూన.

ఆ పిలుపుకి కాలం చెల్లి రెండేళ్ళు దాటింది.
కోర్టు కాగితాల్లో అప్పులు రాశారు,
కారు రాశారు, సోఫా రాశారు,
వదిన ఎవరి వాటాకొస్తుందో రాయలేదు.
తోడల్లుడికీ తోటికోడలికీ వియ్యపురాలికీ
తలా ఒక మాట పోత పోసిన భాష
నా దగ్గరికొచ్చి తడుముకుంటుంది.

బల్ల నడుమ పొయ్యి. పొయ్యి మీద రాగి గిన్నె.
గిన్నె మధ్యలో అడ్డుగోడ.
అటు తన మాంసం, ఇటు నా ఆకులూ దుంపలూ.
సముద్రపు ఆకొకటి వేసి కాచిన నీళ్ళు,
ఉప్పు కూడా లేదు.
"ఇది చారు కూడా కాదు" అన్నాను.
"ఓపిక పట్టు" అంది.

తొంభై నిమిషాలే అని చీటీ మీద టైము వేసి
గరుకు గిన్నెలో వేయించిన నువ్వులు
నూరుకోమని పెట్టి వెళ్ళింది వడ్డించే అమ్మాయి.
చేతిలో బొటనవేలంత కర్ర రోకలి.
తిప్పుతుంటే
గుత్తివంకాయలోకి కొట్టే పొడి వాసన.
వెనకే ఇంకో సంగతి.
ఆ ఇంటి మనుషులందరికీ
నువ్వులూ నీళ్ళూ వదిలేశానని
ఒకరోజు ఫోన్లో గట్టిగా అరిచాను.
ఇప్పుడు నువ్వులు నా చేతిలోనే ఉన్నాయి,
నీళ్ళు ఎదురుగా మరుగుతున్నాయి,
నాకేమో ఆకలిగా ఉంది.

కాగితమంత పల్చటి ముక్కని పుల్లలతో పట్టి
ప్రసూన నీళ్ళలో అటూ ఇటూ ఊపింది.
"ఉడికించకూడదు. జాడించాలంతే,
రంగు దిగే చీరని జాడించినట్టు."
మూడు ఊపులకి ఎరుపంతా పోయింది.
జాడించడం నాకు ఇంకోలా తెలుసు.
వాళ్ళన్నని నేను, నన్ను వాళ్ళన్న,
ఇద్దర్నీ కలిపి వాళ్ళ నాన్న,
స్పీకర్లో పెట్టి మరీ.
నవ్వొచ్చింది. తనకీ అదే తోచినట్టుంది,
ముక్క జారి నీళ్ళలో పడింది.

కాసేపటికి తన వైపు తెట్టు కట్టింది.
జల్లిగరిటెతో తీసి పక్కగిన్నెలో వేస్తూ
తలెత్తకుండా,
"అన్నయ్యకి కుదిరింది. పెర్త్ అమ్మాయి. నవంబర్లో."

నా వైపు క్యాబేజీ ఆకు మెల్లగా మెత్తబడుతోంది.
పుట్టగొడుగు నెత్తిన ఎవరో నక్షత్రం కోశారు.
దాన్నే చూస్తూ
మంట తగ్గిద్దామని బుడిపె తిప్పితే
పెరిగింది.
పొంగు గోడ దాటింది.
తన నీళ్ళు నా నీళ్ళలో పడ్డాయి.
వడ్డించే అమ్మాయి పరుగున వచ్చి, వంగి వంగి,
పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టని నాకు
కొత్త నీళ్ళు తెమ్మంటారా అంది.
తెమ్మన్నాను.
అన్నిట్లోనూ పెద్దమనసు నా వల్ల కాదు.

"ఆవిడొచ్చాక నిన్నేమని పిలవను?"
"నాకో పేరుంది కదా."
పదకొండేళ్ళలో ఎప్పుడూ తను వాడని పేరు.
నోట్లో వేసుకుని చూసింది,
వేడి తగలకుండా, చివర నుంచి కొంచెం కొంచెంగా:
"కుముదా."
కాలింది కాబోలు,
గడగడా మంచినీళ్ళు తాగింది.

అన్నీ తిన్నాక ఆ మిగిలిన నీళ్ళలోనే
అన్నం వేసి ఉడికిస్తారట.
ఉడికిందల్లా అందులోనే ఉంటుందట, అసలు రుచి అదేనట.
మాకు టైము చాలలేదు.
బిల్లు దగ్గర నేనంటే నేనని
కార్డులు పట్టుకుని తోసుకున్నాం.
తన ముద్రల అట్ట మీద ఆరోది పడింది.
పదైతే ఒక భోజనం ఊరికే ఇస్తారు.
"నీ దగ్గర ఉంచు" అని
నా కోటు జేబులో కుక్కి వెళ్ళిపోయింది.

రైల్లో,
సిండల్ దాటాక,
పంటి సందున ఒక నువ్వుగింజ తగిలింది.
నాలుకతో తిప్పుతూ కూచున్నాను,
నా స్టేషనొచ్చేదాకా
కొరకలేదు.