విదేశీ వాడకం

పర్లాకిమిడి పాత బస్టాండు ఎదురుగా
నాది రెండు కంప్యూటర్ల కొట్టు.
ఆధార్లు, రేషన్ ఫారాలు, హాల్ టికెట్లు,
శుభలేఖలకి రంగు జిరాక్సు.
మలేషియా బ్యాంకు మాత్రం
ఆ సాయంత్రమే మొదటిసారి తెరిచాను.

ఆవిడ పేరు చెప్పింది గాని
ఫ్యాను చప్పుడులో సగమే వినబడింది.
తెల్లజోళ్ళ నిండా మా ఎర్రదుమ్ము.
ఏటీఎం మూడుసార్లు కార్డు ఉమ్మేసిందట.
లాడ్జివాడు రెండురోజుల బాకీకి
పాస్‌పోర్టు సొరుగులో పెట్టుకున్నాడట.
"ఏటి సెయ్యను బాబూ" అంది.
మా ముసిలి మేనత్తలు కూడా ఒగ్గేసిన యాస
ఆవిడ నోట్లో కొత్తగా ఉంది.

పేజీ తెరుచుకునేలోపు కరెంటు ఒకసారి పోయి వచ్చింది.
ఎర్రక్షరాలు:
మీరు అలవాటు లేని చోట ఉన్నారు.
"నిజమే" అని నవ్వింది.
ఫోనుకి కోడ్ పంపామన్నారు.
ఆ సిమ్ముకి విమానం దిగగానే నోరు పడిపోయింది.
వాళ్ళ గడియారం మనకి రెండున్నర గంటలు ముందు,
ఫోనెత్తేవాళ్ళు ఇళ్ళకి పోయారు.
ఇక మిగిలింది ఒక్క ప్రశ్న.

మీ పూర్వీకుల ఊరేది?

కుర్చీ చప్పున వెనక్కి జరిపింది.
"పొద్దున్న ఆటోలో పోయి చూసొచ్చాను గదా!"
జీలుగువలస. మహేంద్రతనయ దాటి పదకొండు కిలోమీటర్లు.
జీలుగుచెట్లు మూడే మిగిలాయి.
ఆవిడ ముత్తాత అక్కణ్ణించే
నడిచి రేవుకి పోయి
రబ్బరుతోటల ఓడెక్కాడు.
నేనొక్కో అక్షరమూ చెప్పాను,
ఇంగ్లీషులో, ఒత్తులూ దీర్ఘాలూ చూసుకుని.
తప్పు.

బోర్డు మీదున్నట్టు కొడదామా అన్నాను.
మా ఒడియా బోర్డుల్లో 'వ'కి 'బ'.
ఇంట్లో నేను వైకుంఠం, పాస్‌బుక్కులో బైకుంఠ.
ఇద్దరూ ఒకడేనని
నాలుగుసార్లు అఫిడవిట్టు ఇచ్చినవాణ్ణి.
జీలుగుబలస.
తప్పు.
ఇంకొక్కటే అవకాశం,
ఆపైన స్వయంగా బ్రాంచికి రావలెను.

హాల్ టికెట్టు కుర్రాడు గుమ్మంలో
ఒంటికాలి మీద నిలబడ్డాడు.
గుణుపురం బస్సు హారన్ కొడుతోంది.
ఆవిడ కళ్ళు మూసుకుంది.
దేవుణ్ణి కాదట, వాళ్ళ ముసిలమ్మని తలుచుకుంటోందట.
పళ్ళూడిన నోరు, బుగ్గన తమలపాకు,
తోట గుమస్తా కార్డు మీద కొట్టిన ఊరిపేరునే
మనవలకి అప్పజెప్పిన నోరు.

"జిల్గొలసి" అంది.

అలాంటి ఊరు ఈ జిల్లాలో లేదు.
ఏ జిల్లాలోనూ ఉండదు.
ఎంటర్ నొక్కడానికి నాకు చెయ్యి రాలేదు,
ఆవిణ్ణే నొక్కమన్నాను.

తెరుచుకుంది.

లోపల ఆవిడ డబ్బు
రింగిట్లలో నిమ్మళంగా కూచునుంది.
ఒక మూల చిన్న మీట,
విదేశీ వాడకం: ఆపివేయబడినది.
"ఇది విదేశమేనా?" అని అడిగింది,
ఆ సర్వరు నా కొట్లోనే ఉన్నట్టు.
నేనేం చెప్పను?
ఈ టౌను మదరాసులో ఉండేదనీ
తర్వాత ఒడిశాలో కలిసిందనీ
అరుగు కదలకుండానే రాష్ట్రం మారిందనీ
మా తాత చెప్పేవాడు.
అదీ చెప్పలేదు. కుర్రాడు తొందరపెడుతున్నాడు.
మీట కుడివైపుకి జరిపింది. పచ్చబడింది.

గంటకి ఇరవై.
పర్సులో మిగిలిన ఆఖరి యాభై కాగితం
కీబోర్డు మీద పెట్టి,
చిల్లరకి మళ్ళీ వస్తానని
ఏటీఎం వైపు పరుగులాంటి నడక.
రాలేదు.
లాడ్జివాణ్ణి అడిగితే
బాకీ తీర్చి, కొమ్ముతో చేసిన కొంగనొకటి
బజార్లో కొనుక్కుని వెళ్ళిపోయిందన్నాడు.

ముప్పై రూపాయలు నా దగ్గరుండిపోయాయి.
బాకీల పుస్తకంలో, వెనకపేజీలో రాసుకున్నాను.
కోమలి అప్పలసామి.
కమలేమో. అప్పన్నసామేమో.
ఎలా రాయాలో అడగలేదు.
విన్నట్టు రాసేశాను.