రెండు గింజల ఎత్తు

ఆయన ఇంటిపేరు మా.
బోర్డు మీద డాక్టర్ మా అని ఉండేది.
మా ఇంట్లో పిలిచేసరికి అది తిరగబడి
మా డాక్టరయ్యేది.

ఈవెనింగ్ బజార్లో మేడ మీద ఆయన పళ్ళ గది,
మింటు వీధి వెనక సందులో నాన్న కుంపటి.
షావుకార్ల దవడలకు బంగారు తొడుగులు
నాన్న సాగగొట్టేవాడు, ఆయన తొడిగేవాడు.
ఆ పేటలో సగం నవ్వు వాళ్ళ చేతిపనే.

ఊదుగొట్టం ఊది ఊది
నాన్న ఊపిరి గొట్టంలోనే ఉండిపోయింది.
ద్రావకం పొగ మేసిన రొమ్ము
రాత్రి రెండింటికి
తుప్పు తలుపులా మొరాయించేది.

కార్తీకపు ముసురులో ఒకనాడు
మా డాక్టరు గొడుగు కింద దాచి తెచ్చాడు
బకింగ్‌హాం కాలువ గట్టున
మేకలు వాసన చూసి వదిలేసిన తెల్ల పువ్వులు.
అమ్మ గుమ్మంలోనే ఆపింది.
"ఉమ్మెత్తండీ! పిచ్చెక్కుతుంది."
ఆయన ఒప్పుకున్నాడు, అరవంలో:
ఎక్కువైతే పిచ్చి.
ఇంకా ఎక్కువైతే అదీ ఉండదు.

"మా తాత దీన్ని యాంగ్ జిన్ హువా అనేవాడు.
సముద్రం దాటొచ్చిన బంగారు పువ్వు."
నాన్న దగ్గుల మధ్య నవ్వాడు.
"మావాళ్ళూ కనకమనే రాసుకున్నారు.
బంగారమంటే నాకేం భయం?"

తూకం నాన్నదే. గాజు పెట్టెలో త్రాసు.
ఒక చిప్పలో ఎండిన రేకు,
ఇంకో చిప్పలో గురివింద గింజలు రెండు
(నమిలితే అవీ చంపుతాయి).
విషాన్ని విషంతో తూచి
ముల్లు నిలిచేదాకా
అందరూ ఊపిరి బిగబట్టారు.
నాన్నకది అలవాటే.

ఆ చలికాలం ఆయన నిద్రపోయాడు.
కూర్చుని కాదు, పడుకుని.

మాఘంలో ఒక రాత్రి త్రాసు తియ్యలేదు.
ఆశ అనను.
ఊపిరి ఇంకాస్త కావాలనుకోవడం ఆశెలా అవుతుంది?
తెల్లారేసరికి కళ్ళ నిండా నల్లపాపలే,
నోరు కాలిన మూస.
దుప్పటి మీద ఏరుతున్నాడు,
గోడ మీద, గాలిలో, నా జడలో,
రెండు వేళ్ళతో, ఓపిగ్గా,
కొట్టు తుడిచిన దుమ్ములో రజను ఏరినట్టు.
"పట్టుకో కామాక్షీ, జారిపోతుంది."
నా దోసిట్లో పోశాడు.
రిక్షాలో స్టాన్లీ ఆసుపత్రి దాకా
నేను దోసిలి విప్పలేదు.

ఏం మింగాడని నర్సు అడిగితే
మా డాక్టరు మూడు భాషల్లో మూడు పేర్లూ చెప్పాడు.
రెండు రాత్రులు మంచం పట్టె మీదే,
తడిగుడ్డతో నాన్న పెదాలు అద్దుతూ.
క్షమించమనలేదు.
అమ్మ కూడా ఏమీ అనలేదు, కాఫీలో సగం ఆయనకు పోసింది.

తేరుకున్నాక నాన్న మొదటి మాట:
"ఎంత తేలింది?"

ఇప్పుడు నా సంచిలో నీలం ఇన్‌హేలర్.
నొక్కితే లెక్కగా ఒక్క పీల్పు.
తూచిందెవరో తెలీదు, ఎదురు చిప్పలో ఏముందో.
నిన్న బేసిన్ బ్రిడ్జి దగ్గర
సిగ్నల్ లేక రైలాగింది.
పట్టాల పక్క కంకర్లో, వాన వెలిశాక,
ఒక్క ఉమ్మెత్త, గరాటు పువ్వు
నోరు తెరుచుకుని.

నా రెండు వేళ్ళూ దగ్గరకొచ్చి
గాలిలో ఏదో ఏరబోయాయి.
చెయ్యి సంచిలో పెట్టుకున్నాను.
రైలు కదలడానికి చాలాసేపు పట్టింది.