ఎడమచేతి యాస

వాన పడితే మాంటెవిడియోలో ఎవరూ ఎవరినీ అడగరు,
మూకుడు దానంతటదే పొయ్యెక్కుతుంది.
వీధి వీధంతా ఒకే వాసన,
కాగిన కొవ్వు, తడిసిన ఉన్ని కోట్లు.
వాననీళ్లతో కలిపిన పిండిని గుండ్రంగా సాగదీసి
మధ్యలో వేలితో చిల్లి పెట్టి వదులుతాం.
ఆరోది వదులుతుంటే జారింది.

చెయ్యి కాలిందని అందరికీ చెప్పాను.
నిజానికి కాలింది నాలుక.
పుట్టుచెవిటిదాన్ని నేను, నా మాటలన్నీ
ఈ కుడిచేతి వేళ్ల మీదే కాపురం.

అరిచానట.
కింది అంతస్తు దాకా వినబడిందట.
మా మనవరాలు యమీలా చెప్పింది.
నా గొంతు ఎలా ఉంటుందో నేనెరగను,
బాగుందా అని అడుగుదామంటే
చెయ్యి కొళాయి కింద ఉంది.

ఇరవై నిమిషాలు.
గోడగడియారం చూసి లెక్కపెట్టింది ఆ పిల్ల,
తీయబోతే మోచెయ్యి పట్టి ఆపింది.
పక్కవాటా ఎల్బియా టూత్‌పేస్టు తెచ్చింది,
వద్దంటే వెన్న తెచ్చింది,
అదీ వద్దంటే అలిగి, కలబంద ఆకు చీల్చి
పళ్లెంలో పెట్టుకుని కూర్చుంది.
చేతులు కాలాక ఆకులని వెక్కిరిస్తారు గానీ
కాలకముందు ఆకు ఎవరు పట్టుకుంటారు చెప్పండి?

చీకటి పడ్డాక విల్మర్ రేవు నుంచి వచ్చాడు.
ముప్పై ఒక్కేళ్లలో నా వాక్యం
ఒక్కటీ చివరిదాకా చూసిన మనిషి కాదు.
సగంలోనే అర్థమైపోతుంది ఆయనకి,
అర్థం కానిది కూడా.
తల ఊపేసి జేబులో తాళాలు వెతుక్కుంటాడు.

ఎడమచేత్తో మొదలుపెట్టాను.
నత్తి. పాలపళ్ల మాటలు.
మూకుడు అనబోతే టోపీ అయింది.
కాలింది అనబోతే ఏమైందో గానీ
ఆయన చెవులు ఎర్రబడ్డాయి.
మళ్లీ మొదటికొచ్చాను.
కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు,
క్రేన్ మీటలు నడిపే చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని.
సొరబుర్రలో మాతే చల్లారిపోయింది.
చివరిదాకా చూశాడు.

రెండోనాడు బొబ్బ లేచింది, ద్రాక్షపండంత.
చిదపొద్దన్నాడు మందులషాపు కుర్రాడు.
దుప్పటి తగలకుండా రాత్రంతా
చెయ్యెత్తుకుని పడుకున్నాను,
టీచరు ఎంతకీ చూడని పిల్లలా.
ఐదోనాడు అదే చప్పబడింది.
ఆ తర్వాత దురద.
దురద సంగతి చెప్పాలంటే తిట్లు కావాలి,
కుడిచేతికి వచ్చినన్ని ఎడమచేతికి రావు.

ఆ రోజుల్లోనే చెప్పేశాను,
మీ అమ్మ గాజుకూజా పగలగొట్టింది పిల్లి కాదని.
ఇంకా, నువ్వు క్రేన్ మీద ఉండగా గాలి రేగితే
రేవు వైపు కిటికీ తెరవనని.
అది చెప్పడానికి చాలాసేపు పట్టింది.
గాలి అనే మాటకి రెండు చేతులూ కావాలి.
ఒక చేత్తో ఊపితే సగం గాలే వీచింది.
మిగతా సగం ఆయన చెయ్యి కలిపాడు.

కట్టు విప్పితే కింద కొత్త చర్మం,
ఎలుకపిల్లంత గులాబీగా, నిగనిగలాడుతూ,
లోకంలో దేనికీ ఇంకా అలవాటు పడనిది.
ఊపిరి తగిలినా ఉలిక్కిపడుతోంది.
వేళ్లు ముడిచి, విప్పి,
యమీలా పేరు గాలిలో రాశాను. తడబాటు లేదు.
పిల్ల రెండు చేతులూ పైకెత్తి ఆడించింది,
మా చప్పట్లు అలాగే ఉంటాయి.

నిన్న మళ్లీ వాన.
నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు విల్మర్.
రేవులో వాడే తోలు తొడుగులు వేసుకుని
మూకుడు ముందు నిలబడ్డాడు, పడవ దించుతున్నట్టు.
రెండు మాడ్చాడు.
మంట తగ్గించు, అంతే చెప్పాలి.
కుడిచెయ్యి అప్పుడే లేచింది.
లేచినదాన్ని ఏప్రన్ జేబులో దాచి
ఎడమచేత్తో, నెమ్మదిగా, మొదలుపెట్టాను.
మూడోది నల్లబడుతోంది.
ఆయన నావైపే చూస్తున్నాడు.